తెల్లకొంగ ఈక చెదరకుండా: కృష్ణ ఒడ్డున నీటిపక్షుల ఫొటోలు తీయడం, దిద్దుకోవడం

తెల్లకొంగను ఫొటో తీయడం తేలిక అనుకుంటాం. పొలంలో, కాలవగట్టు మీద, బ్యారేజీ గేట్ల కింద ఎక్కడ చూసినా ఉంటుంది. మనిషిని చూసి పెద్దగా బెదరదు కూడా. తీరా ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూసుకుంటే, కొంగ ఉండాల్సిన చోట తెల్లకాగితం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ఈకల గీతలు ఉండవు, మెడ వంపు దగ్గర నీడ ఉండదు, రెక్క ఎక్కడ మొదలైందో తెలియదు. నేను మొదటి చలికాలమంతా తీసిన కొంగల ఫొటోల్లో నూటికి తొంభై ఇలాగే పోయాయి. ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చులే అనుకున్నాను. సరికాలేదు. తెలుపు ఒకసారి పూర్తిగా కాలిపోతే, అంటే ఫైల్లో అక్కడ సమాచారమే లేకుండా పోతే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

మన దగ్గర నీటిపక్షుల్లో తెలుపు కలిసినవే ఎక్కువ. కొంగలు, నల్లతల కంకణాలు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు అన్నింటిలోనూ తెలుపు ఉంది. అందుకే ఈ మార్గదర్శి మొత్తాన్ని ఒక్క విషయం చుట్టూ రాస్తున్నాను: తెల్ల ఈకను కెమెరాలో ఎలా కాపాడాలి, ఇంటికొచ్చాక దాన్ని ఎలా పైకి తేవాలి.

ఎక్కడ, ఎప్పుడు

విజయవాడలో ఉన్నవాళ్లు దూరం పోనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ కింద నీళ్లు తగ్గి మడుగులు మిగిలిన రోజుల్లో చేపలు అక్కడ చిక్కుకుంటాయి. వాటికోసం కొంగలు, నీటికాకులు, టెర్న్‌లనే నీటిపక్షులు, నలుపు తెలుపు లకుముకి పిట్టలు చేరతాయి. గుంటూరు వాళ్లకు పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు ఉంది. ఊరి పక్కనే చెరువు, చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని తమ పక్షుల్లా చూసుకుంటారు. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడండి, ఊరివాళ్లను పలకరించి వెళ్లండి. ఒక రోజంతా కేటాయించగలిగితే కొల్లేరు అంచున కైకలూరు దగ్గర ఆటపాక మంచిది. గూడబాతుల కోసం అక్కడ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు.

కాలం చెప్పాలంటే వరదలు తగ్గిన అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా ఉప్పలపాడే. పక్షులు దగ్గరగా ఉంటాయి, ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటాయి, చేతికి అలవాటు చేసుకోవడానికి వీలు. ఎగిరే పక్షులు మాత్రం బ్యారేజీ దగ్గరే బాగా దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. బ్యారేజీ దిగువన ఇసుకలోకి, బండల మీదకు దిగవద్దు. గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే వచ్చేస్తాయి. ఒడ్డు మీది నుంచి దొరికే ఫొటో చాలు.

మొదటి అడుగు: ఎండ ఎటు, గాలి ఎటు

కెమెరా బయటికి తీయకముందే చూసుకోవాల్సింది ఇదే. చలికాలంలో మనకు సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి, దక్షిణం వైపు వంగి తిరిగి, నైరుతిన అస్తమిస్తాడు. విజయవాడ ఊరు నదికి ఉత్తరపు ఒడ్డున ఉంది. కాబట్టి దుర్గాఘాట్ వైపు నిలబడి నది వైపు చూస్తే రోజులో ఎక్కువసేపు ఎండ మీ ముఖం మీదే ఉంటుంది. పక్షి మీకు నీడవైపు కనిపిస్తుంది. అదే నది దాటి సీతానగరం ఒడ్డుకు వెళ్లి ఉత్తరానికి తిరిగి చూడండి. ఎండ వీపు మీద పడుతుంది, పక్షి నిండా వెలుగుంటుంది. నాకు ఈ తేడా తెలియడానికి ఒక చలికాలం పట్టింది. కెమెరా మారకుండా, లెన్స్ మారకుండా, వంతెన దాటగానే నా ఫొటోలు మారాయి.

అయితే ఊరివైపు ఒడ్డు పనికిరాదని కాదు. సాయంత్రం నీళ్లు బంగారు రంగుకు తిరిగినప్పుడు, వరసగా ఎగిరే కొంగల నల్లటి నీడబొమ్మలు తీయాలంటే అక్కడే నిలబడాలి. రెండు ఒడ్లకూ రెండు రకాల ఫొటోలు.

ఇక గాలి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా పైకి లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలి మీ వీపు నుంచి పక్షి వైపు వీస్తుంటే అది మీవైపు ముఖం పెట్టి వాలుతుంది. గాలి మీ ముఖానికి కొడుతుంటే రోజంతా తోకలే దొరుకుతాయి. కెమెరా పట్టీకి జానెడు దారం కట్టుకోండి, గాలి ఎటో అదే చెబుతుంది. ఎండా గాలీ రెండూ వీపున ఉండే చోటు దొరికితే అక్కడి నుంచి కదలకండి.

డిసెంబరులో ఇక్కడ ఆరున్నర ప్రాంతంలో తెల్లవారుతుంది. ఆరింటికల్లా చేరుకోండి. తొమ్మిది దాటితే నీటి మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. దూరంగా ఉన్న పక్షి అంచులు ఆ కదలికలో మెత్తబడిపోతాయి. అది ఫోకస్ తప్పు అనుకుని లెన్స్‌ను సర్వీసుకు ఇచ్చినవాళ్లను చూశాను. లెన్స్ తప్పేం లేదు. ఎండెక్కాక పక్షి దగ్గరగా ఉంటేనే తీయండి.

రెండో అడుగు: కెమెరా సెట్టింగులు

ఫైలు రకం రా (RAW), అంటే కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు, పెట్టండి. జేపెగ్‌లో తెలుపు దగ్గర మిగిలే సమాచారం చాలా తక్కువ, రా ఫైల్లో సవరించుకునే చోటు ఉంటుంది. కార్డు నిండుతుందని జంకవద్దు.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు, దగ్గర కాస్త నిలుద్దాం, అసలు సమస్య ఇక్కడే ఉంది. వెలుగును కొలిచే కెమెరా మీటరుకు ఎదురుగా ఉన్నది కొంగో గేదో తెలియదు. చూసినదాన్నంతా మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ముదురు ఆకుపచ్చ గుర్రపుడెక్క మధ్య చిన్న తెల్లకొంగ ఉంటే, ఫ్రేము చాలా వరకు చీకటిగా ఉంది కాబట్టి కెమెరా వెలుగు పెంచేస్తుంది. కొంగ కాలిపోతుంది. అదే కొంగ ఎగిరి ఆకాశం ముందుకు వస్తే, వెనక వెలుతురు ఎక్కువై కెమెరా వెలుగు తగ్గిస్తుంది. కొంగ మసకబారుతుంది. పక్షి మీద పడే ఎండ రెండుసార్లూ ఒకటే, మారింది వెనక ఉన్నదే.

అందుకే ఎండ నిలకడగా ఉన్న ఉదయాల్లో నేను మాన్యువల్ మోడ్, అంటే సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే పద్ధతి, మాత్రమే వాడతాను. ఇలా చేయండి:

1. అపర్చరు (లెన్స్ తెరుచుకునే రంధ్రం) మీ లెన్స్ ఇచ్చినంత పెద్దది, మామూలు 150-600 మి.మీ. లెన్స్‌కైతే ఎఫ్ 6.3. షట్టరు (తెరిచి ఉండే సమయం) 1/2000 సెకను. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 400తో మొదలుపెట్టండి. తెల్లవారిన గంటకు, ఎండ బాగా ఉన్నప్పుడు కొంగకు దాదాపు ఇదే సరిపోతుంది.

2. ఎండలో నిలబడ్డ ఒక తెల్లకొంగను తీసి, కెమెరా మెనూలో హైలైట్ అలర్ట్ ఆన్ చేసి చూడండి. కాలిపోయిన చోటు నల్లగా మిణుకుమిణుకుమంటుంది.

3. మిణుకు రాకపోతే, వచ్చేదాకా ఐఎస్ఓను మెట్టు మెట్టుగా పెంచండి. రాగానే ఒక్క మెట్టు, అంటే స్టాపులో (వెలుగు రెట్టింపు లేదా సగం అయ్యే కొలతలో) మూడో వంతు, వెనక్కి తగ్గండి.

4. ఇక దాన్ని ముట్టుకోవద్దు. కొంగ గుర్రపుడెక్క ముందున్నా, ఆకాశం ముందున్నా, నీళ్ల ముందున్నా సరిగ్గానే వస్తుంది. అరగంటకోసారి, లేదా మబ్బు అడ్డొచ్చినప్పుడు మళ్లీ చూసుకుంటే చాలు.

ఉదయపు పసుపు వెలుగులో ముందుగా కాలిపోయేది ఎరుపు చానెల్, అంటే ఫొటోలోని ఎరుపు రంగు భాగం. కాబట్టి నలుపు తెలుపు హిస్టోగ్రామ్ కాకుండా మూడు రంగుల హిస్టోగ్రామ్ (చీకటి ఎడమకు, వెలుగు కుడికి చూపే పటం) పెట్టుకోండి. ఎరుపు కుప్ప కుడి గోడకు ఆనకుండా ఉండాలి.

నీటికాకి లాంటి నల్లటి పక్షికి ఇదే సెట్టింగు చాలదు, ఒక స్టాపు దాకా పెంచుకోవాలి. గూడబాతు బూడిద రంగు పక్షి కాబట్టి మీటరు చెప్పినదే సాధారణంగా నప్పుతుంది. ఎర్రకాళ్ల కొంగలో నలుపు, తెలుపు, గులాబీ మూడూ ఉన్నాయి, అక్కడ తెలుపునే నమ్ముకోండి. నలుపును తర్వాత పైకి తేవచ్చు, పోయిన తెలుపును తేలేం.

మబ్బులు వస్తూ పోతూ ఉన్న రోజు మాన్యువల్‌తో తంటాలు పడకుండా ఆటో ఐఎస్ఓ పెట్టి, మీటరు చెప్పినదాన్ని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీటను బొటనవేలి కింద ఉంచుకోండి. ముదురు నేపథ్యానికి మైనస్ ఒకటి, తెల్ల ఆకాశానికి ప్లస్ ఒకటి.

కూర్చున్న పక్షికి షట్టరు 1/500 చాలు. చేపకోసం నీటిలో ముక్కు పొడిచే క్షణానికి, నీటి చుక్కలు గాజుపూసల్లా నిలవాలంటే 1/3200 దాకా వెళ్లాలి. లకుముకి పిట్టకు అంతకంటే తక్కువ పెట్టవద్దు.

మూడో అడుగు: ఫోకస్

కదిలే పక్షిని ఆగకుండా వెంటాడే ఫోకస్ మోడ్, అంటే క్యానన్‌లో సర్వో, నైకాన్, సోనీల్లో ఏఎఫ్-సీ, పెట్టండి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉంటే వాడుకోండి, సందేహం అక్కరలేదు. పాత కెమెరాలో అయితే ఆకాశంలో ఎగిరేవాటికి జోన్ ఫోకస్ (ఫ్రేములో ఒక భాగమంతా ఫోకస్ వెతికేది), రెల్లు, గుర్రపుడెక్క మధ్య ఉన్నవాటికి ఒకే పాయింటు. ముందున్న ఆకు మీదకు ఫోకస్ పోతే కన్ను మసకబారుతుంది. కన్ను మసకైన ఫొటోను నేను ఉంచుకోను.

నాలుగో అడుగు: కింద కూర్చోండి, ఆగండి

నిలబడి తీసిన కొంగ వెనక బురద కనిపిస్తుంది. కూర్చుని తీస్తే దూరపు నీళ్లు మెత్తటి రంగుగా మారి వెనక నిలుస్తాయి. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, శనగలు పోసి, రెండువైపులా కుట్టేయండి. ఘాట్ మెట్టు మీద పెట్టి లెన్స్ ఆనిస్తే స్టాండు కంటే నయం. బట్టలు మట్టి రంగువి, ముదురాకుపచ్చవి వేసుకోండి.

కూర్చున్న మొదటి పావుగంట కెమెరా ఎత్తకండి. మీరు రాగానే పక్కకు జరిగిన పక్షులు మళ్లీ తమ చోటుకు వస్తాయి. ఆ పావుగంటలోనే వాటి అలవాట్లు తెలుస్తాయి. చిన్న తెల్లకొంగ ఒక కాలితో బురదను కదిలిస్తూ నడుస్తుంది, కాలు ఆగిందంటే ముక్కు దిగబోతోంది. గుడ్డికొంగ మెడ పూర్తిగా లోపలికి ముడుచుకుని రాయిలా నిలుస్తుంది. మెడ నెమ్మదిగా ముందుకు సాగడం మొదలైతే షట్టరు మీద వేలు పెట్టండి. ఎగరబోయే కొంగ కాళ్లు వంచి ఒళ్లు ముందుకు వాల్చుతుంది, చాలాసార్లు ముందుగా రెట్ట వేస్తుంది. గూడబాతు నీటి మీద నాలుగైదు అంగలు పరుగెత్తిగానీ లేవలేదు. ఆ పరుగులో లేచే నీటి తుంపరలు, విచ్చుకున్న రెక్కలు కలిస్తే అంతకంటే మంచి ఫ్రేము మన ప్రాంతంలో నాకు ఇంకోటి తెలియదు. లకుముకి పిట్ట నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది, ఫోకస్ కుదుర్చుకోవడానికి అది చాలా మంచి సమయం.

నీటికాకి మునిగినప్పుడు మీరు ముందుకు జరగండి, అది పైకి తేలేసరికి ఆగిపోండి. నాలుగైదు మునకల్లో చాలా దగ్గరికి చేరతారు. ఒడ్డున రెక్కలు ఆరేసుకున్నప్పుడు మాత్రం దాన్ని కదిలించవద్దు. దాని ఈకలకు నీళ్లు పట్టేస్తాయి, ఆరితేగానీ దానికి హాయిగా ఉండదు.

గూళ్ల దగ్గర నియమం ఇంకా కఠినం. తల్లి లేచి నిలబడి మీవైపే చూస్తుంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం, వెనక్కి తగ్గండి. తల్లి ఎగిరిపోతే ఎండకు పిల్లలు సొమ్మసిల్లుతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. చప్పట్లు కొట్టి, రాయి విసిరి గుంపును లేపి తీసే ఫొటోలు నాకు కడుపు మండిస్తాయి. అలా ఎవరైనా చేస్తుంటే నెమ్మదిగా ఆపండి. గూడు కనిపించడం లేదని అడ్డొచ్చిన కొమ్మను విరవవద్దు, ఆ కొమ్మ నీడలోనే పిల్లలు బతుకుతాయి.

ఐదో అడుగు: ఏరడం

ఒక ఉదయానికి వెయ్యి ఫ్రేములు తేలిగ్గా అవుతాయి. మొదట కన్ను చూడండి, మసకైతే తీసేయండి. తర్వాత తెల్లని చోట్లు, ఆపై రెక్కల తీరు. రెక్కలు బాగా పైకో బాగా కిందికో ఉన్న ఫ్రేము బాగుంటుంది, మధ్యలో అడ్డంగా ఉన్నది గీతలా కనిపిస్తుంది. వెయ్యిలో ఇరవై మిగిలితే మంచి రోజు.

ఆరో అడుగు: ఎడిటింగ్

నేను ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ మాటల్లో చెబుతున్నాను. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే డార్క్‌టేబుల్ ఉచితం, పేర్లు వేరైనా పని ఒకటే. ఉదాహరణకు ఒక ఫ్రేము తీసుకుందాం: గుర్రపుడెక్క ముందు ఎగరబోతున్న పెద్ద తెల్లకొంగ, ముక్కులో చిన్న చేప.

ముందు నాయిస్, అంటే ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు. ఐఎస్ఓ 1600 దాటిన ఫ్రేములకు మాత్రమే డీనాయిస్ నడపండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో 2023 ఏప్రిల్ నుంచి కృత్రిమ మేధతో పనిచేసే డీనాయిస్ ఉంది, రా ఫైలు మీద నడుస్తుంది. యాభై దాటిస్తే ఈకలు ప్లాస్టిక్‌లా నునుపైపోతాయి, ముప్ఫై దగ్గర ఆపండి.

తర్వాత క్రాప్. పక్షి చూసే వైపు, ఎగిరే వైపు ఎక్కువ చోటు వదలండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000×4000 ఉంటుంది. వెడల్పు, ఎత్తు సగానికి కోసినా 3000×2000 మిగులుతుంది, 12×8 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. అంతకంటే కోయాల్సి వస్తే అది ఇంకొంచెం దగ్గరికి వెళ్లి తీయాల్సిన ఫొటో.

వైట్ బ్యాలెన్స్, అంటే ఫొటోలో పసుపు, నీలం ఛాయల సర్దుబాటు, దగ్గర చాలామంది తొందరపడతారు. ఐడ్రాపర్ (నొక్కిన చోటును రంగు లేనిదిగా లెక్కించే పనిముట్టు) తీసుకుని కొంగ మీద నొక్కగానే ఉదయపు పసుపు మొత్తం పోయి, పక్షి మధ్యాహ్నం తీసినట్టు తయారవుతుంది. అలా చేయకండి. ఎండ తగిలిన ఈకలో లేత పసుపు, నీడలోని ఈకలో లేత నీలం ఉండాలి. ఆ రెండు రంగుల తేడావల్లే తెల్లని ఒంటికి గుండ్రటి ఆకారం వస్తుంది.

ఇప్పుడు తెలుపు. హైలైట్స్‌ను (బాగా వెలుగున్న చోట్లను) మైనస్ 40 నుంచి మైనస్ 70 మధ్యకు తగ్గించండి. ఈకలు కనిపించడం మొదలవుతుంది. వెంటనే వైట్స్‌ను కాస్త పెంచండి, లేకపోతే కొంగ ఉతకని పంచె రంగులోకి దిగుతుంది. ఆల్ట్ మీట నొక్కి వైట్స్ స్లయిడరు జరిపితే తెర నల్లబడి, కాలిపోయే చోట్లు మాత్రమే వెలుగుతాయి. మొదటి చుక్క కనిపించిన చోట వెనక్కి రండి. షాడోస్ (నీడ చోట్లు) ఎక్కువగా ఎత్తవద్దు. కొంగ వెనక గుర్రపుడెక్క ముదురుగా ఉంటేనే తెలుపు నిలుస్తుంది.

ఆ తర్వాత మాస్కులు, అంటే ఫొటోలో ఎంచుకున్న భాగానికే మార్పు తగిలేలా చేసేవి. సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే పక్షి మొత్తం ఎంపికవుతుంది. ముక్కు, కాళ్లు, చేప తప్పిపోతే బ్రష్‌తో కలపండి. ఈ మాస్కులో టెక్స్చర్ ప్లస్ 15 నుంచి 25 చాలు. క్లారిటీ వాడవద్దు, తెల్ల ఈకల అంచున మురికి గీత తెస్తుంది. నేపథ్యానికి ఇంకో మాస్కు వేసి ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడో వంతు తగ్గించండి.

గుర్రపుడెక్క ఉన్న ప్రతి ఫొటోలో ఒక సమస్య వస్తుంది. ఆకుల మీద పడ్డ ఎండ తిరిగి కొంగ పొట్ట మీద, రెక్క కింద పచ్చగా పడుతుంది. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కానీ ఏమిటో తెలియదు. పొట్ట మీద మెత్తటి బ్రష్ మాస్కు వేసి, టింట్‌ను మెజెంటా వైపు 8 నుంచి 12 జరపండి, శాచురేషన్ మైనస్ 20 చేయండి. పచ్చదనం పోయి నీడ మామూలు నీడలా అవుతుంది. పూర్తిగా తీసేయవద్దు, లేశమైనా ఉంటేనే పక్షి ఆ నీటిలో నిలబడ్డట్టు ఉంటుంది.

కన్నుకు చిన్న గుండ్రటి మాస్కు, ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3. లేని మెరుపును గీయకండి.

షార్పెనింగ్ చివర్లో. అమౌంట్ 50 నుంచి 70, రేడియస్ 1. మాస్కింగ్ స్లయిడరును ఆల్ట్ నొక్కి జరపండి, ఈకల అంచులు మాత్రమే తెల్లగా మిగిలి, నీళ్లు, నేపథ్యం నల్లబడేదాకా. లేకపోతే వెనక ఉన్న మెత్తదనం ఇసుక చల్లినట్టు అవుతుంది.

నీళ్లలో తేలే ప్లాస్టిక్ కవరు, పూజ దండ లాంటివి చెరపాలా వద్దా? నేపథ్యంలో చిన్న చుక్కలా ఉంటే హీల్ టూల్‌తో తీసేస్తాను. పక్షి కాలి పక్కనే ఉంటే ఉంచేస్తాను, నది అలా ఉందని ఆ ఫొటో చెప్పాలి. చేపను, రెండో పక్షిని, ఆకాశాన్ని అతికించడం మాత్రం నా దృష్టిలో ఫొటోగ్రఫీ కాదు.

ఫోన్ మాత్రమే ఉంటే

దూరపు పక్షిని జూమ్ చేయకండి. సాయంత్రం దుర్గాఘాట్ వైపు నుంచి, గూటికి పోయే కొంగల వరసను, వాటి వెనక వెలుగుండగా తీయండి. ఆకాశం మీద తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి వెలుగు తగ్గించండి. స్నాప్‌సీడ్‌లో కాంట్రాస్ట్ కొంచెం, వార్మ్‌త్ కొంచెం పెంచితే చాలు.

దాచుకోవడం, ప్రింటు

ఫోన్లో పంపడానికి పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీ, క్వాలిటీ 85. రా ఫైళ్లను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి.

ఏడాదికి నాలుగైదైనా 12×8 ప్రింటు వేయించండి. తెర వెలుగు మనల్ని మోసం చేస్తుంది, తెర మీద సరిపోయిన ఫొటో కాగితం మీద చీకటిగా వస్తుంది. ల్యాబుకు ఇచ్చేముందు మానిటరు వెలుగు సగానికి తగ్గించి, ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3తో ఒకటి, మార్చకుండా ఒకటి చిన్న సైజులో వేయించి చూసుకోండి. మ్యాట్ కాగితం అడగండి, నిగనిగలాడే కాగితం మీద తెలుపు లైటు పడి కనిపించకుండా పోతుంది. ఫైల్లో పూర్తిగా కాలిపోయిన తెలుపు చోట ప్రింటు మీద రంగే పడదు, ఉత్త కాగితం మిగులుతుంది. ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని కొంగ మెడ వంపు చూడండి. అక్కడ ఒక్కో ఈక విడిగా కనిపిస్తే పెద్ద సైజుకు ఆర్డరు ఇచ్చేయండి.